ఆగస్ట్ విల్సన్: జీవితం, అభిప్రాయాలు, నల్లజాతి నాటకం

ఇంగ్లీషు ఎం.ఏ.లో అమెరికన్ సాహిత్యం చదువుతున్న మన విద్యార్థులు తరచుగా వేసే ప్రశ్న ఒకటుంది. నాటకం అర్థం కావాలంటే నాటకకర్త జీవితం తెలియాలా, లేక పుస్తకంలో ఉన్నది చాలా? చాలామంది నాటకకర్తల విషయంలో పుస్తకం చాలుననే చెప్పవచ్చు. ఆగస్ట్ విల్సన్ విషయంలో మాత్రం ఆ జవాబు సరిపోదు. అలాగని ఆయన తన కథనే నాటకాలుగా రాసుకున్నాడని అనుకోకూడదు. ఆయన తండ్రి తెల్లవాడు, తల్లి నల్లజాతి స్త్రీ. అటువంటి దంపతులకు పుట్టిన కుర్రవాడు విల్సన్ రాసిన పది ప్రధాన నాటకాల్లో ఒక్కదానిలోనూ కథానాయకుడు కాడు. ఏ భాషలో రాయాలి, ఎవరి గురించి రాయాలి, రాసినదాన్ని ఎవరు ఆడించాలి అనే మూడు ప్రశ్నలకు ఆయన ఇచ్చుకున్న జవాబుల్లో ఆయన జీవితం ఉంది. ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది ఆ సంగతే.

విల్సన్‌కు ముందు నల్లజాతి నాటకం లేకపోలేదు. నల్లజాతి రంగస్థలం ఆ ప్రజల గురించి, ఆ ప్రజలే రాసి, ఆ ప్రజల కోసం, వారి ఇళ్లకు దగ్గరలో ఆడేదిగా ఉండాలని డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్ 1926లోనే ప్రతిపాదించాడు. 1959లో లొరెయిన్ హాన్స్‌బెర్రీ నాటకం ‘ఎ రెయిజిన్ ఇన్ ది సన్’ న్యూయార్క్‌లోని బ్రాడ్వే రంగస్థలానికి చేరింది. నల్లజాతి స్త్రీ రాసిన నాటకం అక్కడ ఆడటం అదే మొదలు. తెల్లవారి పేటలో ఇల్లు కొనబోయిన ఒక కుటుంబం కథ అది. హాన్స్‌బెర్రీ తండ్రి షికాగోలో నిజంగానే అలా ఇల్లు కొన్నాడు. ఆ తగాదా సుప్రీంకోర్టు దాకా పోయి 1940లో తీర్పు వచ్చింది. 1964లో అమీరి బరాకా ‘డచ్‌మన్’ నాటకంతో ఆగ్రహాన్ని రంగస్థలం మీదికి తెచ్చాడు. ఆ తర్వాత వచ్చిన నల్లజాతి కళోద్యమానికి ఆయనే పెద్ద దిక్కు. విల్సన్ యువకుడిగా ఈ ఉద్యమంలోనే పెరిగాడు.

తెలుగు పాఠకుల్లో చాలామందికి అమెరికా నల్లవారి చరిత్ర పరిచయమైంది అలెక్స్ హేలీ నవలకు సహవాసి చేసిన అనువాదం ‘ఏడు తరాలు’ ద్వారా. ఆ నవల ఆఫ్రికాలో మొదలై బానిసత్వం మీదుగా సాగుతుంది. విల్సన్ నాటకాలు బానిసత్వం చట్టరీత్యా పోయిన తర్వాత మొదలవుతాయి. 1910 నుంచి 1970 మధ్యకాలంలో దాదాపు 60 లక్షల మంది నల్లవారు దక్షిణాది రాష్ట్రాలు వదిలి ఉత్తరాదికి, పడమటికి వలసపోయారు. వాళ్లు చేరిన ఉక్కు నగరాల్లో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని పిట్స్‌బర్గ్ ఒకటి. ఆ ఊళ్లో గుట్టమీద ఉన్న పేట పేరు హిల్ డిస్ట్రిక్ట్. ఇరవయ్యో శతాబ్దంలోని ఒక్కొక్క దశాబ్దానికి ఒక్కొక్క నాటకం చొప్పున విల్సన్ పది నాటకాలు రాశాడు. వాటిలో తొమ్మిది ఆ ఒక్క పేటలోనే జరుగుతాయి. 1927 నాటి కథ ‘మా రెయినీస్ బ్లాక్ బాటమ్’ ఒక్కటే షికాగోలో జరుగుతుంది.

విల్సన్ 1945 ఏప్రిల్ 27న ఆ పేటలోనే పుట్టాడు. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఫ్రెడరిక్ ఆగస్ట్ కిట్టెల్. తండ్రి పేరు కూడా ఫ్రెడరికే. ఆయన జర్మన్ భాష మాట్లాడే వలసదారు, రొట్టెలు కాల్చే పనివాడు, తాగుబోతు. ఇంట్లో ఉన్నది తక్కువ. తల్లి డెయిజీ విల్సన్ ఇళ్లలో పాచిపని చేస్తూ పిల్లల్ని పెంచింది. బెడ్‌ఫర్డ్ అవెన్యూలో 1727 నెంబరు భవనం, ముందు కిరాణా దుకాణం, వెనక వేన్నీళ్లు రాని ఇరుకు గదుల్లో వీళ్ల కాపురం.

ఆ తల్లి గురించి విల్సన్ పెద్దయ్యాక ఇంటర్వ్యూలలో చెబుతూ వచ్చిన ఒక సంఘటన ఉంది. రేడియోలో ఒక పోటీ పెట్టారు. ఒక ఉప్పు కంపెనీ ప్రకటన వాక్యాన్ని ముందుగా ఫోను చేసి చెప్పినవారికి కొత్త బట్టలుతికే యంత్రం బహుమతి. డెయిజీకి జవాబు తెలుసు. ఇంట్లో ఫోను లేదు. కూతురి చేతికి చిల్లర ఇచ్చి పరుగెత్తించి ఫోను చేయించింది. గెలిచింది. తీరా గెలిచింది నల్లజాతి స్త్రీ అని తెలిశాక, కొత్త యంత్రం బదులు ఒక ధర్మసంస్థ దుకాణంలో వాడేసిన యంత్రం తెచ్చుకోమని చీటీ ఇవ్వజూపారు. ఏదో ఒకటి ఉంటే చాలు కదా, తీసుకో అని స్నేహితురాళ్లు నచ్చజెప్పారు. ఇంటెడు గుడ్డలు చేత్తో ఉతుక్కునే మనిషి ఆమె. అయినా తీసుకోలేదు. పైసా పైసా కూడబెట్టి, చాలాకాలానికి తన డబ్బుతో కొత్తది కొనుక్కుంది.

ఈ సంఘటన యథాతథంగా ఏ నాటకంలోనూ లేదు. 1969 నాటి కథ ‘టూ ట్రెయిన్స్ రన్నింగ్’లో హ్యాంబోన్ అనే మతి చలించిన మనిషి ఉన్నాడు. తొమ్మిదిన్నర సంవత్సరాల కిందట ఒక తెల్ల మాంసం వ్యాపారికి కంచెకు రంగు వేశాడు. పని బాగా చేస్తే పందితొడ మాంసం ఇస్తానన్న వ్యాపారి చివరికి కోడిని తీసుకుపొమ్మన్నాడు. హ్యాంబోన్ కోడిని ముట్టలేదు. ఆనాటి నుంచి ప్రతి ఉదయం ఆ దుకాణం ముందు నిలబడి తనకు రావలసిన మాంసం కోసం అడుగుతాడు. ఇప్పుడు ఆ ఒక్క కోరిక తప్ప అతని నోట దాదాపు మరో మాట లేదు. అతన్ని చూసి నవ్వేవాళ్లున్నారు. కోడితో సరిపెట్టుకున్న మనకంటే వాడికే బుద్ధి ఎక్కువేమో అనేవాడూ ఆ హోటల్లోనే కూర్చుని ఉంటాడు. డెయిజీ యంత్రం సంగతి తెలియని పాఠకుడికి హ్యాంబోన్ జాలిపడదగిన పిచ్చివాడు. తెలిసినవాడికి, ఆ పిచ్చివాడి వెనక రచయిత తల్లి నిలబడి కనిపిస్తుంది. తక్కువ ఇస్తే తీసుకోకపోవడం గౌరవమా, మూర్ఖత్వమా అని నాటకం పొడుగునా పాత్రలు వాదించుకుంటాయి. రచయిత తీర్పు చెప్పడు, కాని ఎటు మొగ్గుతున్నాడో దాచుకోడు కూడా.

చదువు సంగతి క్లుప్తంగా చెప్పాలి. ఒక బళ్లో తెల్ల పిల్లల బెదిరింపులు భరించలేక మానేశాడు. మరో బళ్లో, పదిహేనేళ్ల వయసులో, నెపోలియన్ మీద ఇరవై పేజీల వ్యాసం రాసుకుపోతే ఇది నువ్వు రాసింది కాదన్నారు ఉపాధ్యాయుడు. ఆ కాగితాలు చెత్తబుట్టలో పడేసి వచ్చేశాడు. మళ్లీ బడి మొహం చూడలేదు. బడికి వెళుతున్నట్టు తల్లిని నమ్మించి రోజూ కార్నెగీ గ్రంథాలయానికి పోయి కూర్చునేవాడు. చాలా ఏళ్ల తర్వాత ఆ గ్రంథాలయమే ఆయనకు పట్టా ఇచ్చి గౌరవించింది. 1965లో తండ్రి చనిపోయాడు. ఆ సంవత్సరమే ఆయన కిట్టెల్ అన్న ఇంటిపేరు వదిలి తల్లి ఇంటిపేరు పెట్టుకున్నాడు. ఇరవై డాలర్లు పెట్టి టైపురైటరు కొన్నాడు. తన రచనాజీవితం మొదలైనది ఆ టైపురైటరుతోనేనని చెప్పుకునేవాడు.

మన అసలు విషయానికి ఇది కీలకమైన చోటు. టైపురైటరు కొన్న యువకుడు వెంటనే తన పేట మనుషుల గురించి రాయలేదు. కవిత్వం రాశాడు. అదీ వేల్స్ కవి డైలాన్ థామస్ ధోరణిలో. చుట్టూ మాట్లాడుకునే నల్లవారి ఇంగ్లీషు అంటే ఆయనకు గౌరవం లేదని కాదు, దాన్ని ఉన్నదున్నట్టు వాడితే సాహిత్యం కాదని నమ్మకం. కళ కావాలంటే దాన్ని దిద్దాలి, ఎత్తాలి అనుకున్నాడు. విచిత్రమేమంటే అదే కాలంలో ఆయన చెవులు మాత్రం ఆ మాటల చుట్టూనే తిరుగుతున్నాయి. పాత వస్తువుల దుకాణంలో కొద్ది సెంట్లకు కొన్న గ్రామఫోను రికార్డుల్లో బెస్సీ స్మిత్ పాడిన బ్లూస్ పాట ఒకటి దొరికింది. వరసగా ఇరవై రెండుసార్లు పెట్టుకుని విన్నానన్నాడు. ఆ గొంతులో ఉన్నది తన అద్దెగదుల పక్కింటివాళ్ల బతుకేనని అప్పుడు తెలిసిందట. పేటలో ‘ప్యాట్స్ ప్లేస్’ అనే చుట్టల దుకాణం ఉండేది. దక్షిణాది నుంచి వలస వచ్చిన ముసలివాళ్లు అక్కడ చేరి, రైళ్ల గురించీ చచ్చిపోయినవాళ్ల గురించీ గంటల తరబడి మాట్లాడుకునేవారు. విల్సన్ పక్కన నిలబడి వినేవాడు.

1968లో మిత్రుడు రాబ్ పెన్నీతో కలిసి బ్లాక్ హొరైజన్ అనే నాటక సంస్థ పెట్టాడు. పెన్నీ నాటకాలు రాసేవాడు, విల్సన్ దర్శకత్వం చేసేవాడు. తానూ రాయబోయి చేతకాక, నీ పాత్రలచేత ఎలా మాట్లాడిస్తావని ఒకనాడు పెన్నీని అడిగాడు. మాట్లాడించక్కర్లేదు, వాళ్లు మాట్లాడేది వింటే చాలునని పెన్నీ జవాబు. ఆ జవాబు అర్థమవడానికి విల్సన్‌కు సుమారు పదేళ్లు పట్టింది. అర్థమైనది కూడా పిట్స్‌బర్గ్‌లో కాదు.

1978లో ఆయన మినసోటా రాష్ట్రంలోని సెయింట్ పాల్ నగరానికి కాపురం మార్చాడు. అక్కడి సైన్సు మ్యూజియంలో ప్రదర్శనశాలల కోసం చిన్న చిన్న సన్నివేశాలు రాసే ఉద్యోగం దొరికింది. చలిదేశం, నల్లవారు చాలా తక్కువ. పిట్స్‌బర్గ్‌లో రోజంతా చెవినపడే మాట ఇక్కడ ఎక్కడా వినిపించదు. వినిపించనప్పుడు అది లోపల వినిపించడం మొదలైంది. 1979లో పది రోజుల్లో ‘జిట్నీ’ రాసేశాడు. మామూలు టాక్సీలు హిల్ డిస్ట్రిక్ట్‌కు రావడానికి ఒప్పుకోవు కనుక, పేటవాళ్లే లైసెన్సు లేకుండా నడుపుకునే కార్లను జిట్నీలంటారు. ఆ కార్ల స్టాండులో డ్రైవర్ల మాటలే నాటకం. దిద్దలేదు, ఎత్తలేదు.

తెలుగు రాష్ట్రాలకు వెలుపల పుట్టి పెరిగిన మన విద్యార్థులకు ఈ ఘట్టం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. హోసూరులోనో షోలాపూరులోనో బరంపురంలోనో ఇంట్లో మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకంలో చదివే తెలుగు ఒకటి. ఇంటి మాటను కాగితం మీద పెట్టబోతే చెయ్యి తనంతట తానే దిద్దేస్తుంది. నాటకంలో వాడుకభాష గురించి గురజాడ 1897 నాటి ‘కన్యాశుల్కం’ పీఠికలోనే వాదించవలసి వచ్చింది. అయితే గురజాడ, తన చుట్టూ ఉన్న భాష కోసం పండితులతో వాదించాడు. విల్సన్ వాదన చాలాకాలం తనతోనే.

‘జిట్నీ’ 1982లో పిట్స్‌బర్గ్‌లో ఆడింది. ఆ సంవత్సరమే కనెక్టికట్ రాష్ట్రంలోని ఒనీల్ నాటక కేంద్రం, అంతకుముందు ఆయన పంపినవి తిప్పిపంపిన ఆ సంస్థ, ‘మా రెయినీస్ బ్లాక్ బాటమ్’ను తీసుకుంది. అక్కడ నాటకాల ఎంపిక చూసే లాయిడ్ రిచర్డ్స్ యేల్ విశ్వవిద్యాలయపు నాటక విభాగానికి కూడా అధిపతి. 1959లో హాన్స్‌బెర్రీ నాటకానికి దర్శకత్వం చేసి, బ్రాడ్వేలో నాటకం నడిపించిన మొదటి నల్లజాతి దర్శకుడైనదీ ఈయనే. ‘మా రెయినీ’ 1984లో యేల్‌లో ఆడి, ఆ సంవత్సరమే బ్రాడ్వేకి వెళ్లింది. తర్వాతి నాటకాలు కూడా ముందుగా వేర్వేరు ఊళ్ల నాటకశాలల్లో ఆడుతూ, ప్రదర్శనకు ప్రదర్శనకు మధ్య తిరగరాయబడుతూ న్యూయార్క్ చేరేవి. ఈ ఏర్పాటు రిచర్డ్స్‌ది. విల్సన్ నాటకాల నిడివికీ నిదానానికీ ఇది కొంత కారణం. ఒక పాత్ర లేచి నాలుగు పేజీల కథ చెబుతుంది, మిగిలినవాళ్లు వింటారు. ఇంగ్లీషు నాటకపు కొలతలతో చూసి కథ నడవడం లేదని విసుక్కున్న విమర్శకులున్నారు. ప్యాట్స్ ప్లేస్‌లో ముసలివాళ్లు అలాగే మాట్లాడేవారు కదా! బ్లూస్ పాట కూడా అంతే. చెప్పిన పాదాన్నే మళ్లీ తిప్పి చెబుతూ ముందుకు పోతుంది.

1987లో బ్రాడ్వేలో ఆడి పులిట్జర్ బహుమతి పొందిన ‘ఫెన్సెస్’ మన పాఠ్యప్రణాళికల్లో కనిపించే నాటకం కనుక దాని గురించి కాస్త ఆగి చెప్పాలి. కథ 1957లో మొదలవుతుంది. ట్రాయ్ మాక్సన్ చెత్తబండి మీద పనివాడు, వయసు 53. ఒకప్పుడు గొప్ప బేస్‌బాల్ ఆటగాడు. తెల్లవారి జట్లలోకి నల్లవారిని తీసుకోవడం 1947లో జాకీ రాబిన్సన్‌తో మొదలయ్యేసరికి ఇతని వయసు దాటిపోయింది. ఇప్పుడు కొడుకు కోరీకి ఫుట్‌బాల్ ఆట వల్ల కాలేజీలో ఉచితంగా చదువుకునే అవకాశం వస్తే ట్రాయ్ అడ్డుపడతాడు. ఆట నిన్ను ఎక్కడికీ చేర్చదు, ఉద్యోగం చూసుకో అంటాడు. ట్రాయ్ పూర్వం ఒక దోపిడీ ప్రయత్నంలో మనిషిని చంపి పదిహేనేళ్లు జైల్లో ఉన్నాడని కూడా మనకు తెలుస్తుంది.

విల్సన్ తల్లి తర్వాత పెళ్లాడిన డేవిడ్ బెడ్‌ఫర్డ్‌కూ ఈయనకూ పడేది కాదు. కుర్రవాడు ఫుట్‌బాల్ మానేసినందుకు ఆ సవతితండ్రికి కోపం. ఒక ఆట కోసం ఈ మనిషికి ఇంత పట్టింపు ఎందుకో కుర్రవాడికి తెలియదు. 1969లో బెడ్‌ఫర్డ్ చనిపోయాక తెలిసింది. ఆయన బడి రోజుల్లో పేరున్న ఫుట్‌బాల్ ఆటగాడు. దానితో కాలేజీలో సీటు వస్తుందని, డాక్టరవుదామని ఆశపడ్డాడు. నల్లవాడు కనుక రాలేదు. డబ్బు కోసం దొంగతనానికి దిగి, ఒకరిని చంపి, 23 సంవత్సరాలు జైల్లో గడిపాడు. ఇవన్నీ తెలిసేసరికి అడగడానికి మనిషి లేడు.

జీవితంలో సవతితండ్రి ఆడమన్నాడు, కొడుకు మానేశాడు. నాటకంలో కొడుకు ఆడతానంటాడు, తండ్రి మాన్పిస్తాడు. ఇలా తిరగేయడంలో విల్సన్ చేసిన పని ఏమిటంటే, తనకు అర్థంకాని మనిషి వైపునుంచి చూడటం. ట్రాయ్ క్రూరుడు. భార్య రోజ్‌ను మోసం చేస్తాడు, యుద్ధంలో తలకు దెబ్బ తగిలిన తమ్ముడికి వచ్చిన డబ్బుతో ఇల్లు కొనుక్కుంటాడు. అయినా అతను నోరు తెరిస్తే వింటూ ఉండాలనిపిస్తుంది. చివరి రంగంలో తండ్రి అంత్యక్రియలకు రానని మొరాయించిన కోరీ, తండ్రి పాడే పాటను చిన్న చెల్లెలితో కలిసి పాడతాడు. క్షమించాడని ఎక్కడా అనడు. పాట మాత్రం అతనికి నోటికి వచ్చు. వారసత్వం అంటే విల్సన్ దృష్టిలో ఇంతేననిపిస్తుంది.

వారసత్వం మాట వచ్చింది కనుక 1990లో రెండో పులిట్జర్ తెచ్చిన ‘ది పియానో లెసన్’ గురించి రెండు మాటలు. చిత్రకారుడు రొమేర్ బేర్డెన్ గీసిన అదే పేరుగల బొమ్మ చూసి పుట్టిన నాటకం ఇది. బానిసత్వ కాలంలో ఒక యజమాని తన భార్యకు పియానో కొనిపెట్టడానికి ఒక స్త్రీనీ ఆమె తొమ్మిదేళ్ల కొడుకునూ ఇచ్చేశాడు. వెనక మిగిలిపోయిన ఆ స్త్రీ భర్త వడ్రంగి. ఆ పియానో కొయ్య మీద తన భార్యాబిడ్డల ముఖాలు చెక్కాడు. 1936లో ఆ పియానో పిట్స్‌బర్గ్‌లో మునిమనుమరాలు బెర్నీస్ ఇంట్లో ఉంది. దాన్ని అమ్మి, తాతముత్తాతలు బానిసలుగా దున్నిన నేలనే కొనుక్కుంటానని తమ్ముడు వస్తాడు. ఇవ్వనంటుంది అక్క. ఆమె దాన్ని వాయించదు, అమ్మనివ్వదు. అక్కతమ్ముళ్లలో ఎవరిది తప్పో తరగతిలో అడిగి చూశాను. ఎప్పుడూ రెండు పక్షాలవుతారు, మూడోరోజుకు పక్షాలు మారతాయి.

ఇక అభిప్రాయాల సంగతి. ‘ఫెన్సెస్’ను సినిమాగా తీయడానికి హాలీవుడ్ కంపెనీ హక్కులు కొన్నప్పుడు, దర్శకుడు నల్లజాతివాడే కావాలని విల్సన్ పట్టుబట్టాడు. 1990లో వ్యాసం రాసి మరీ చెప్పాడు. చర్మం రంగు కోసం అడగడం లేదు, ఆ సంస్కృతిలో పెరిగినవాడు కావాలంటున్నానన్నది ఆయన వాదం. సినిమా ఆయన బతికుండగా రాలేదు. కోడి వద్దన్న హ్యాంబోన్, చీటీ వద్దన్న డెయిజీ ఇక్కడ మళ్లీ గుర్తొస్తారు.

1996 జూన్ 26న ప్రిన్స్‌టన్‌లో దేశంలోని నాటకసంస్థల సమావేశంలో ఆయన చేసిన ప్రసంగం ఇంకా పెద్ద గొడవ తెచ్చింది. దేశంలోని పెద్ద ప్రాంతీయ నాటకశాలల సంఘంలో 66 సభ్యసంస్థలుంటే వాటిలో నల్లజాతివారిది ఒక్కటేనని లెక్క చూపాడు. తెల్లవారి నాటకాల్లో నల్లజాతి నటులకు వేషాలిచ్చి, సమానత్వం వచ్చేసిందనడం వంచన అన్నాడు. ఆర్థర్ మిల్లర్ ‘డెత్ ఆఫ్ ఎ సేల్స్‌మన్’ను నల్లవారితో ఆడించడం తమ చరిత్రను కాదనడమే అన్నాడు. విమర్శకుడు రాబర్ట్ బ్రుస్టీన్ దీన్ని తమను తాము వేరుచేసుకోవడంగా నిందించాడు. యేల్‌లో రిచర్డ్స్ కంటే ముందు ఆ పదవిలో ఉన్నది ఈయనే. 1997 జనవరి 27న న్యూయార్క్ టౌన్ హాల్‌లో ఇద్దరూ వేదికెక్కి వాదించుకున్నారు. ఎవరూ ఎవరినీ ఒప్పించలేదు.

ఈ వాదంలో విల్సన్‌కు చిక్కు ఒకటుంది. నల్లవారి చేతిలో ఉండే నాటకశాలలు కావాలన్న ఆయన నాటకాలు పెరిగినదంతా యేల్‌లోనూ, తెల్లవారు నడిపే ప్రాంతీయ నాటకశాలల్లోనూ. ప్రత్యర్థులు ఈ మాట అన్నారు కూడా. నటుల విషయంలోనూ నాకు ఆయనతో పూర్తిగా ఏకీభావం లేదు. మన బళ్లారి రాఘవ షేక్‌స్పియర్ పాత్రలు వేశాడు. వేయకూడదని ఎవరంటారు? కాని ఆ ప్రశ్న అడిగిన మరుక్షణమే విల్సన్ జవాబు ఏమై ఉంటుందో ఊహించవచ్చు. రాఘవకు ఇంట్లోనే మేనమామ ధర్మవరం కృష్ణమాచార్యులు ఉన్నాడు, ఊళ్లో తెలుగు నాటకసమాజం ఉంది. షేక్‌స్పియర్ వేషం ఆయనకు అదనం. సొంత నాటకశాల లేనివాడికి అదొక్కటే దారి అయితే సంగతి వేరు. ఆనాడు విల్సన్ ఉదాహరించిన ఆ ఒక్క సంస్థ న్యూజెర్సీలోని క్రాస్‌రోడ్స్. 1999లో ఉత్తమ ప్రాంతీయ నాటకశాలగా టోనీ పురస్కారం పొందింది. మరుసటి ఏడాదే డబ్బు లేక ప్రదర్శనలు ఆపవలసి వచ్చింది, తర్వాత కోలుకుంది. ఆయన భయం ఉత్తదేమీ కాదు.

ఇంకొక లోపం మరింత గట్టిది. స్త్రీవాద విమర్శకులు ఎత్తిచూపినట్టు, తల్లి పేరు పెట్టుకున్న ఈ రచయిత నాటకాల్లో మాట్లాడేది ఎక్కువగా మగవాళ్లు. రోజ్‌కు ఒక మహత్తరమైన ఘట్టం ఉంది, బెర్నీస్‌కు ఒకటి. అవి తప్పిస్తే ఆడవాళ్లు కాఫీ పోస్తూ ఉంటారు. ‘టూ ట్రెయిన్స్’లో హోటల్లో పనిచేసే రీసా తన కాళ్లను తానే బ్లేడుతో కోసుకున్నది. మగవాళ్లు చూసే చూపు తప్పించుకోవడానికట. ఆమె ఎక్కువ మాట్లాడదు. ప్యాట్స్ ప్లేస్‌లో విన్నవి మగవాళ్ల మాటలే కావడం దీనికి కారణం కావచ్చు. జీవితం నాటకానికి ఇచ్చేవాటిలో ఇలాంటి హద్దులు కూడా ఉంటాయి.

చివరి నాటకం ‘రేడియో గోల్ఫ్’ 2005లో యేల్‌లో మొదట ఆడింది. అందులో హిల్ డిస్ట్రిక్ట్‌ను కూల్చి కొత్త భవనాలు కట్టబోయేది నల్లజాతి వ్యాపారే. కూల్చివేత విల్సన్‌కు కొత్త కాదు. ఆయన చిన్నతనంలోనే 1950ల చివర పేట దిగువ భాగాన్ని పడగొట్టి, దాదాపు 8,000 మందిని లేపేసి అక్కడ పెద్ద క్రీడాభవనం కట్టారు. 1961లో తెరిచిన ఆ భవనాన్ని కూడా తర్వాత పడగొట్టేశారు. తొమ్మిది నాటకాలను ఒకే పేటలో పెట్టాలన్న పట్టుదల వెనక, కళ్లముందే పోతున్న వీధులను మాటల్లోనైనా నిలబెట్టే తొందర ఉంది. అదే ఏడాది అక్టోబరు 2న, 60 ఏళ్ల వయసులో, కాలేయ క్యాన్సర్‌తో విల్సన్ సియాటిల్‌లో మరణించాడు. రెండు వారాలకు బ్రాడ్వేలోని ఒక నాటకశాలకు ఆయన పేరు పెట్టారు. 2009లో ‘జో టర్నర్స్ కమ్ అండ్ గాన్’ను బ్రాడ్వేలో తెల్లజాతి దర్శకుడు ఆడించినప్పుడు పాత వాదం మళ్లీ లేచింది. 2016లో ‘ఫెన్సెస్’ సినిమా వచ్చింది. దర్శకుడు డెంజెల్ వాషింగ్టన్. రచయితగా తెరమీద విల్సన్ పేరే ఉంది. రోజ్ పాత్రకు వయోలా డేవిస్‌కు ఆస్కార్ దక్కింది. 2022లో బెడ్‌ఫర్డ్ అవెన్యూలోని ఆ పాత ఇంటిని బాగుచేసి కళాకేంద్రంగా తెరిచారు.

మొదట ఏది చదవాలని అడిగేవారికి, పరీక్ష కోసమైతే ‘ఫెన్సెస్’ చదవమంటాను. పరీక్ష లేకపోతే ‘టూ ట్రెయిన్స్ రన్నింగ్’. నలుగురు కూర్చుని పాత్రలు పంచుకుని పైకి చదవండి. ఆ ఇంగ్లీషు వ్యాకరణం చూసి బెదరవద్దు, రెండు పేజీలు దాటితే చెవికి పట్టుబడుతుంది. హ్యాంబోన్ పాత్రను చదవడం వచ్చినవారికే ఇవ్వండి. అనవలసింది ఎప్పుడూ ఆ ఒక్క మాటే అయినా, ప్రతిసారీ వేరుగా అనవలసి ఉంటుంది.